పిలవని పేరంటానికి వచ్చిన మీసాల చేప

పిల్లలూ! బజారునుంచి ఎనిమిది చేపలు తెచ్చి గాజుతొట్టిలో వేశారనుకోండి. రెండు నెలల తరవాత ఒకనాటి రాత్రి లెక్కపెడితే తొమ్మిది వున్నాయి. పైగా ఆ తొమ్మిదో చేపకు మూతి చుట్టూ మీసాలు! అప్పుడు మీరేం చేస్తారు?

కొందరు చంకలు కొట్టుకుంటారు. కొందరు జడుసుకుంటారు. "ఎందుకొచ్చిన గొడవ, తీసి అవతల పారెయ్యండి" అనే పెద్దలూ వుంటారు. నన్నడిగితే మాత్రం మొట్టమొదట చేయవలసిన పని ఒకటే: వచ్చినది ఎవరో తెలుసుకోవటం. అదెవరో తెలియకుండా ఇంట్లో వుంచుకోవటమూ ప్రమాదమే, తెలియకుండా బయటికి తోలెయ్యటమూ ప్రమాదమే. ఎందుకో చెబుతాను, వినండి.

మా వూళ్లో కాలవ గట్టున ఒక అన్నాచెల్లెళ్లు వున్నారు. అన్న ఏడో తరగతి, చెల్లెలు నాలుగో తరగతి. వాళ్లింట్లో రెండడుగుల గాజుతొట్టి, అందులో ఎనిమిది గప్పీ చేపలు వున్నాయి. జూలై నెలలో వానలు పడుతున్నప్పుడు అన్న కాలవలోనుంచి నాచు తెచ్చి, ఒక్కసారి నీళ్లలో జాడించి, తొట్టిలో నాటాడు. సెప్టెంబరులో ఒకరోజు చెల్లెలు తొట్టి శుభ్రం చేద్దామని చెయ్యి పెట్టి రాయి కదిపింది. రాయి కిందనుంచి ఎర్రటి నీడలాంటిది సర్రున జారి నాచులోకి పోయింది. పిల్ల కెవ్వుమని చెయ్యి తీసేసింది.

ఆ రాత్రి దీపాలు ఆర్పి, టార్చిలైటుకు పలచని ఎర్రకాగితం చుట్టి చూశారు. నాలుగు సెంటీమీటర్ల చేపపిల్ల ఒకటి మీసాలతో అడుగంతా తడుముకుంటూ తిరుగుతున్నది. ఇంకేముంది, ఇంట్లో పంచాయితీ మొదలయింది. ఎందుకంటే అప్పటికి కొన్నాళ్లుగా గప్పీలు పెడుతున్న పిల్లలు పెట్టినవి పెట్టినట్టే మాయమవుతున్నాయి. "దొంగ దొరికాడు" అన్నాడు అన్న. "రేపు పొద్దున కాలవలో పారబోస్తాను" అన్నారు వాళ్ల నాన్నగారు. "కూరకైనా చాలదు" అన్నది వాళ్లమ్మ. "అది తినటం ఎవరైనా చూశారా?" అని అడిగింది చెల్లెలు. మర్నాడు ఇద్దరూ సెల్‌ఫోనులో ఫోటో తీసుకుని నా దగ్గరకు వచ్చారు. "మాస్టారూ, ఇదేం చేప?" అన్నారు.

ఫోటోలో తోకా, నాచూ తప్ప ఏమీ తెలియటం లేదు. అందుకని వాళ్లకు పేరు చెప్పకుండా కొన్ని ప్రశ్నలు రాసి ఇచ్చాను. అవే ప్రశ్నలు మీకూ ఇస్తున్నాను. ఏనాడైనా మీ తొట్టిలోనో, మీ వూరి చెరువులోనో తెలియని చేప కనిపిస్తే పనికివస్తాయి.

మొదటి ప్రశ్న: అది నిజంగా మీసాల చేపేనా?

మీసాలున్నవన్నీ మీసాల చేపలు కావు. బంగారు తీగ అని మనవాళ్లు చెరువుల్లో పెంచే చేపకు కూడా పెదవుల దగ్గర చిన్న మీసాలు వుంటాయి. కాని దాని ఒంటి మీద పొలుసులు వుంటాయి. మీసాల చేపలకు పొలుసులు వుండవు. వాటి ఒళ్లు నున్నగా జిగురుగా అయినా వుంటుంది, లేదా గట్టి ఎముక పలకలతో కప్పి అయినా వుంటుంది. ఇసుకలో దూరే లోచ్ అనే సన్నని చేపలకూ మీసాలు వుంటాయి, కాని వాటికి రెక్కల ముందు గట్టి ముళ్లు వుండవు. ఇక కప్పపిల్లను చూసి చేప అనుకునేవారూ లేకపోలేదు. కప్పపిల్లకు పక్కన రెక్కలు వుండవు, కొన్నాళ్లకు కాళ్లు వస్తాయి.

ఇంగ్లీషువారు వీటిని క్యాట్‌ఫిష్ అన్నారు, మీసాలు చూసి పిల్లి అని పేరు పెట్టారన్నమాట. కాని పిల్లి మీసాలు వెంట్రుకలు. చేప మీసాలు వెంట్రుకలు కావు, అవి మెత్తని కండ తీగలు. వాటి నిండా రుచి తెలిపే మొగ్గలు వుంటాయి. మన నాలుక చేసే పనిని చేప మీసంతో చేస్తుంది. బురదనీళ్లలో, చిమ్మచీకట్లో, కళ్లు పనికిరానిచోట, తిండి ఎక్కడున్నదో మీసాలతో తాకి రుచి చూసి తెలుసుకుంటుంది. ప్రపంచంలో ఇలాంటి చేపలు సుమారు 4000 జాతులు వున్నాయి.

రెండో ప్రశ్న: ఒంటి మీద పలకలున్నాయా?

దుకాణాల్లో అమ్మే మీసాల చేపల్లో రెండు రకాలు చాలామంది ఎరిగినవే. ఒకటి కోరిడోరస్. చిన్న చేప, ఒంటికి రెండు పక్కలా రెండేసి వరసల పలకలు వుంటాయి. రెండోది సక్కర్. గాజుకు మూతి అంటించుకుని పాచి గీకుతూ వుంటుంది. ఈ రెండింటి పుట్టిల్లు దక్షిణ అమెరికా ఖండం. కోరిడోరస్ తొట్టిలోనే గాజుకు గుడ్లు అంటించి పిల్లలు చేస్తుంది. కాబట్టి పెద్ద కోరిడోరస్‌లున్న తొట్టిలో మీసాల పిల్ల కనిపిస్తే ముందు వాటినే అనుమానించాలి. మన అన్నాచెల్లెళ్ల తొట్టిలో గప్పీలు తప్ప వేరే చేపలు లేవు, వచ్చిన పిల్లకు పలకలూ లేవు. కాబట్టి అది మన కాలవల చేపే అయివుండాలి.

మూడో ప్రశ్న: వీపు మీద రెక్క ఎలా వున్నది?

చేప రెక్కలను మీ పాఠ్యపుస్తకాల్లో వాజాలంటారు. వీపు మీది వాజం మెడ దగ్గర మొదలై తోకదాకా పొడుగ్గా వున్నదా? అయితే అది మార్పు చేప. వానాకాలం రాత్రుళ్లు ఒక మడుగునుంచి ఇంకో మడుగుకు తడినేల మీద పాకుతూ పోయేది ఇదే. వీపు మీద మామూలు వాజం ఒకటీ, దాని వెనక ముళ్లూ పుల్లలూ లేని మెత్తని కండ వాజం ఇంకొకటీ వున్నాయా? అయితే అది జెల్ల కావచ్చు. ఆ రెండోదాన్ని కొవ్వు వాజం అంటారు. జెల్ల మీసాలు కూడా చాలా పొడుగు.

మన పిల్లకు వీపు మీద తల వెనకగా చిన్న కుచ్చు లాంటి వాజం ఒకటే వున్నది. కొవ్వు వాజం లేదు. అంటే అది మార్పూ కాదు, జెల్లా కాదు.

నాలుగో ప్రశ్న: పొట్ట కింద రెక్క ఎంత పొడుగున్నది?

పొట్ట దగ్గరనుంచి తోకదాకా కుట్టిన అంచులా పొడుగ్గా వున్నదని అన్న రాసుకొచ్చాడు. ఇలా వీపు మీద చిన్నదీ, పొట్ట కింద పొడుగైనదీ వున్న మీసాల చేపలు మన నీళ్లలో ముఖ్యంగా రెండు. ఒకటి వాలుగ. రెండోది ఇంగిలాయి. కొన్ని వూళ్లలో వీటిని వేరే పేర్లతో పిలవవచ్చు, మీ పెద్దలను అడగండి.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఈ రెండింటికీ చాలా తేడా వున్నది. వాలుగ మీటరు పొడుగుదాకా పెరుగుతుంది, నోరు కన్ను దాటి వెనక్కు చీలి వుంటుంది, ఇతర చేపలను పట్టి మింగి బతుకుతుంది. దాన్ని గప్పీల తొట్టిలో వుంచటమంటే కోళ్లగూట్లో నక్కను వుంచటమే. ఇంగిలాయి మహా పెరిగితే అడుగు పొడుగు. చిన్నతనంలో పురుగులూ, వానపాముల ముక్కలూ తింటుంది. కాని దానికి ఇంకొక గుణం వున్నది, అది తరవాత చెబుతాను. మరి ఈ రెండింటిలో మన పిల్ల ఏది?

ఐదో ప్రశ్న: మీసాలు ఎన్ని?

వాలుగకు రెండు జతలు, అంటే నాలుగు మీసాలు. ఇంగిలాయికి నాలుగు జతలు, అంటే ఎనిమిది. మొదటి రోజు సాయంత్రం పిల్లలు లెక్కపెట్టి "నాలుగు" అని రాసుకున్నారు. అన్న ముఖం వెలిగిపోయింది. "వాలుగే! నే చెప్పలా?" అన్నాడు.

"ఎక్కడనుంచి చూసి లెక్కపెట్టారు?" అని అడిగాను. పైనుంచి చూశారట. పైనుంచి చూస్తే గడ్డం కింది మీసాలు ఎలా కనిపిస్తాయి? చేప కదులుతూ వున్నప్పుడు అవి గడ్డానికి ఆనుకుని వుంటాయి. "ఈసారి గాజుగ్లాసులోకి ఎక్కించి, గ్లాసు ఎత్తి అడుగునుంచి చూడండి. ముగ్గురు వేరువేరుగా లెక్కపెట్టండి. ముగ్గురి లెక్కా ఒకటయ్యేదాకా రాసుకోకండి" అని చెప్పి పంపాను. చేప మీద చెయ్యి పడకూడదనీ, గ్లాసు పెద్దవాళ్లే పట్టుకోవాలనీ గట్టిగా చెప్పాను.

మూడో రోజున వాళ్ల నాన్నగారే స్వయంగా గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. ముక్కుల దగ్గర రెండు, పైదవడ మూలల్లో రెండు, గడ్డం కింద నాలుగు. అన్న ఎనిమిదన్నాడు, చెల్లెలు ఎనిమిదన్నది, నాన్నగారూ ఎనిమిదే అన్నారు. నోరు కూడా చిన్నదే, కంటిదాకా చీలి లేదు. వాలుగ కాదు, ఇంగిలాయి! చూశారా, మీసాల లెక్క సగం తప్పితే నేరం లేనివాడి మీద నేరం పడేది.

ఆ మూడు సాయంత్రాల్లో చెల్లెలు ఇంకొక సంగతి కూడా గమనించి రాసుకున్నది. కాసేపటికొకసారి ఆ పిల్ల గబుక్కున పైకి వచ్చి, గాలి గుక్క తాగి, మళ్లీ కిందికి పోతున్నదట. ఇంగిలాయికి మొప్పల వెనకనుంచి తోకవైపుగా శరీరం లోపల రెండు పొడుగాటి గాలితిత్తులు వుంటాయి. నీళ్లలో ప్రాణవాయువు చాలకపోతే పైనుంచి గాలి తెచ్చుకుని ఆ తిత్తుల్లో దాచుకుని వాడుకుంటుంది. అందుకే చేపలమ్మే వారి బేసినులో బెత్తెడు నీళ్లలో కూడా ఇవి బతికే వుంటాయి. ఎండాకాలంలో మడుగు ఇంకిపోతే తడిబురదలో దూరి ప్రాణం నిలబెట్టుకుంటాయి. 1794లో ఈ చేపను శాస్త్రగ్రంథంలో వర్ణించిన బ్లాఖ్ అనే జర్మను పండితుడు దానికి ఫాసిలిస్ అని పేరు పెట్టాడు. లాటిను భాషలో ఆ మాటకు తవ్వి తీసినది అని అర్థం.

అయితే గాలి తాగటం ఒక్కటే చూసి ఇంగిలాయి అనెయ్యకూడదు సుమా! మార్పూ గాలి తాగుతుంది, కోరిడోరస్ కూడా తాగుతుంది. ఒక్క గుర్తుతో ఎప్పుడూ పేరు పెట్టకండి. నాలుగైదు గుర్తులు ఒకేవైపు వేలు చూపిస్తేనే నమ్మండి.

ఆ ఇంకొక గుణం

ఇంగిలాయికి తల వెనక రెండు పక్కలా వున్న రెక్కల ముందు ఒక్కొక్క గట్టి ముల్లు వుంటుంది. ఆ ముల్లుకు విషం వున్నది. తొక్కినా, చేత్తో పట్టుకున్నా గుచ్చుకుని, తేలు కుట్టినట్టు సలుపు పుడుతుంది. చిన్న పిల్లకదా అని ఏమరకూడదు. చెల్లెలు రాయి కింద చెయ్యి పెట్టిన రోజున ఆ చేప పక్కకు తప్పుకున్నది కాబట్టి సరిపోయింది.

అందుచేత ఇవి గుర్తుంచుకోండి. తెలియని మీసాల చేపను ఎన్నడూ చేత్తో పట్టుకోకండి. వలతో కూడా ఎత్తవద్దు, ముళ్లు వలలో చిక్కుకుంటాయి. గ్లాసునో, మగ్గునో నీళ్లలో ముంచి, చేపను అందులోకి మెల్లగా తోలి, నీళ్లతో సహా ఎత్తాలి. ఒకవేళ ముల్లు గుచ్చుకుంటే దాచిపెట్టకుండా వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి. గాయం శుభ్రంగా కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో వుంచితే నొప్పి తగ్గుతుంది. ఆ నీళ్ల వేడి ముందుగా పెద్దవాళ్లు తమ చేత్తో చూడాలి, చర్మం కాలకూడదు. ఆ తరవాత డాక్టరుకు చూపించాలి, ముల్లుముక్క లోపల వుండిపోతే చీము పడుతుంది.

దొంగ ఎవరు?

సరే, పేరు తెలిసింది. మరి గప్పీ పిల్లలను తిన్నదెవరు? ఇంగిలాయి నోట్లో అప్పుడే పుట్టిన గప్పీ పిల్ల పట్టవచ్చు. కాని గప్పీ తల్లులు కూడా తమ పిల్లలను తామే తింటాయని మీకు తెలుసా? ఆ సంగతి చెబితే అన్న నమ్మలేదు. "అయితే పరీక్ష చేసి చూడండి" అన్నాను.

ఇంగిలాయిని వేరే తొట్టిలోకి మార్చారు. సుమారు నెల్లాళ్లకు గప్పీ మళ్లీ పిల్లలను పెట్టింది. ఇద్దరూ పొద్దునా సాయంత్రమూ లెక్కపెట్టారు. మొదట పద్నాలుగు, మర్నాటికి తొమ్మిది, నాలుగో రోజుకు ఐదు. తొట్టిలో గప్పీలు తప్ప ఇంకెవరూ లేరు! అంటే ఇంగిలాయి ఒక్కటీ తినలేదని తేలిందా? లేదు. అదొక్కటే దొంగ కాదని మాత్రం తేలింది. తేలినదానికంటె ఎక్కువ చెప్పకుండా వుండటం కూడా శాస్త్రం నేర్పే పాఠమే. ఆ తరవాత పుట్టిన పిల్లలను వేరే సీసాలోకి మార్చి పెంచుతున్నారు, అవి బతుకుతున్నాయి.

ఎలా వచ్చింది?

నాచుతో వచ్చింది. ఇంగిలాయి వానాకాలంలో గుడ్లు పెడుతుంది. గుడ్లు జిగురుగా వుండి అంటుకుపోతాయి, సుమారు ఒక రోజులోనే పొదుగుతాయి. జూలైలో తెచ్చిన నాచులో ఒక గుడ్డో, కంటికి ఆనని పిల్లో వున్నదన్నమాట. చిన్న ఇంగిలాయి ఎర్రమట్టి రంగులో వుంటుంది, పెరిగినకొద్దీ నలుపుకు తిరుగుతుంది. చెల్లెలు చూసిన ఎర్రటి నీడ అదే.

కాలవలో ఎందుకు పారబొయ్యకూడదు?

"మన కాలవ చేపే కదా, మళ్లీ కాలవలో వదిలితే ఏం?" అని నాన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ పిల్ల రెండు నెలలు పరదేశపు చేపలతో ఒకే నీళ్లలో వున్నది. వాటి రోగాలూ, వాటి ఒంటిని పట్టే పురుగులూ దీనికి అంటివుండవచ్చు. దాన్ని వదిలితే అవి కాలవలోని చేపలన్నిటికీ పోతాయి. పరదేశపు చేప అయితే ఇంకా ప్రమాదం.

సక్కర్ సంగతే చూడండి. దుకాణంలో అది వేలెడు పొడుగే. పెరిగితే అడుగు దాటుతుంది. తొట్టిలో పట్టక, చంపటానికి మనసొప్పక, చెరువులోనో కాలవలోనో వదిలేవారున్నారు. అక్కడ అవి గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెట్టి పెరిగిపోతాయి, మన చేపల తిండి తింటాయి, వాటి గరుకు పలకలకు జాలరుల వలలు చిరుగుతాయి. మన చేపల చెరువుల్లో ఇవి పడుతుంటే రైతులు దెయ్యం చేప అని పేరు పెట్టారు. ఇవి ఏ నీళ్లలో చేరాయో, ఆ నీళ్లలో కలిసివున్న డి.ఎన్.ఎ. అనే జీవపదార్థాన్ని పరీక్షించి తెలుసుకునే పద్ధతిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తయారుచేశారు. ఇలాగే ఆఫ్రికానుంచి వచ్చిన పెద్ద మార్పు జాతి చేపను, మన చేపలను మింగేస్తున్నదని, పెంచకూడదని భారత ప్రభుత్వం 2000లో నిషేధించింది. ఒక ఇంటి తొట్టినుంచి జారిన చేప ఒక వూరి చెరువును పాడుచేయగలదు. కాబట్టి తొట్టి చేప ఏదైనా, బతికివున్నది బయటి నీళ్లలోకి పోకూడదు. వుంచుకోలేకపోతే కొన్న దుకాణంలో ఇవ్వండి, లేదా పెంచగలిగినవారికి ఇవ్వండి.

మన ఇంగిలాయి ఇప్పుడు పెరట్లో సిమెంటు తొట్టిలో వున్నది. రాత్రిపూట ఎగిరి బయటపడకుండా పైన జల్లెడ మూత వేశారు. దాక్కోవటానికి అడుగున పగిలిన కుండముక్క పెట్టారు. వానపాము ముక్క వేసే పని అన్నది. ఎంత పెరిగిందో నెలకొకసారి కొలిచి పుస్తకంలో రాసే పని చెల్లెలిది.

ఇక మీ పని. కాలవనుంచి గాని, దుకాణంనుంచి గాని నాచు తెస్తే తిన్నగా తొట్టిలో వెయ్యకండి. బాగా కడిగి, రెండు వారాలపాటు వేరే బకెట్టులో వుంచి, అందులో ఏమైనా కదులుతున్నదేమో రోజూ చూడండి. ఈ ఆదివారం నాన్నగారితోనో అమ్మతోనో చేపల బజారుకు వెళ్లినప్పుడు, చేపలమ్మే ఆమెను అడిగి, ఈ అయిదు ప్రశ్నలకు సమాధానాలు వెతకండి. జెల్లా, వాలుగా, మార్పూ దొరికితే మీసాలు లెక్కపెట్టండి, వీపు మీది వాజం బొమ్మ గియ్యండి. ముళ్లు మాత్రం ముట్టుకోకండి. ఆ చేపల పేర్లూ, గుణాలూ మనందరికంటె ఆమెకే ఎక్కువ తెలుసు, ఆమె చెప్పినవన్నీ రాసుకోండి.